పసిబిడ్డల పాత ఉడుపులు: వాసన చెప్పే సంగతులు

మానవ జీవితంలో శరీరం అత్యంత వేగంగా పెరిగే కాలాలలో పుట్టిన తరువాతి మొదటి సంవత్సరం ఒకటి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండే శిశువు ఏడాది నిండేసరికి దాదాపు 75 సెంటీమీటర్లకు చేరుతుంది. బరువు ఐదారు నెలలకే రెట్టింపై, ఏడాదికి మూడు రెట్లవుతుంది. ఈ కారణం చేత పసిబిడ్డకు కొన్న చొక్కా చిరగక ముందే పొట్టిదైపోతుంది. బిడ్డ ఎదుగుతుంది, బట్ట మిగిలిపోతుంది. కాబట్టి ఒక బిడ్డ విడిచిన ఉడుపులు మరొక బిడ్డకు తొడగడం మన సమాజంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. పురిటి బిడ్డ ఒంటికి గంజి పెట్టిన కొత్త గుడ్డకంటే అనేకసార్లు ఉతికి మెత్తబడిన పాత నూలుగుడ్డే మేలని మన పెద్దలు చెప్పేవారు. నాయనమ్మ చీర, తాతగారి ధోవతి పొత్తిగుడ్డలయ్యేవి. ముస్లిం కుటుంబాలలో నానీ, దాదీల దుపట్టాలకు అదే గౌరవం దక్కేది. దీనిని పేదరికానికి గుర్తుగా ఎవరూ భావించలేదు. అది పొదుపు, అది ఆప్యాయత.

అయితే ఆ కాలంలో ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకరినొకరు ఎరిగినవారు. బట్ట ఏ ఇంటినుండి వచ్చిందో, ఏ పెట్టెలో దాచినదో అందరికీ తెలిసేది. నేడు పరిస్థితి మారింది. 1995లో అమెరికాలో ఈబే, 2008లో లిథువేనియాలో వింటెడ్ వంటి సంస్థలు ప్రారంభమైన తరువాత, వాడిన వస్తువులను అంతర్జాలంలో అపరిచితులకు అమ్మడం, అపరిచితుల నుండి కొనడం ప్రపంచమంతటా వ్యాపించింది. మన నగరాలలోనూ యువ దంపతులు సెల్‌ఫోనులో బొమ్మ చూసి, ధర కుదుర్చుకొని, పసిబిడ్డ ఉడుపులను మూటలుగా తెప్పించుకుంటున్నారు. ఫోనులో రంగు కనిపిస్తుంది, కొలత తెలుస్తుంది, చిరుగు ఉంటే అదీ కనిపించవచ్చు. వాసన మాత్రం కనిపించదు. పొట్లం విప్పిన క్షణంలో గుప్పుమని ముక్కుకు తగిలేదాకా ఆ సంగతి కొన్నవారికి తెలియదు.

ఆ వాసన దేనివల్ల వచ్చింది, దానిని ఏ విధంగా పోగొట్టవచ్చు, ఏ వాసనను చూసి భయపడాలి, ఏ వాసనను చూసి భయపడనక్కరలేదు అనే విషయాలను రసాయన శాస్త్రం, జీవశాస్త్రం ఆధారంగా వివరించడమే మా ఉద్దేశం. ఒక్క మాట ముందే చెప్పవలసి ఉన్నది. వాసన అనేది ఒక వార్త. వార్తను చదవకుండా కప్పిపుచ్చితే, అందులోని హెచ్చరికను కూడా కప్పిపుచ్చినట్లే.

అమ్మినవారి ముక్కు, కొన్నవారి ముక్కు

వస్తువునుండి వెలువడే సూక్ష్మమైన అణువులు గాలిలో తేలివచ్చి, మన ముక్కు పైభాగంలోని గ్రాహకాలను తాకినప్పుడు వాసన తెలుస్తుంది. ఈ గ్రాహకాలను రూపొందించే జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులు 1991లో కనుగొని, 2004లో నోబెల్ బహుమానం పొందారు. మనిషిలో సుమారు 400 రకాల గ్రాహకాలు పనిచేస్తాయి. వాటి కలయికల వల్లనే మనం అసంఖ్యాకమైన వాసనలను వేరుచేయగలుగుతున్నాము.

అయితే ఈ ఇంద్రియానికి ఒక స్వభావం ఉన్నది. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే కొద్దిసేపటికి అది దానిని లెక్కచేయడం మానివేస్తుంది. తోలు మండీలో పనిచేసేవానికి తోలు వాసన, చేపల బజారులో కూర్చున్నవారికి చేపల వాసన తెలియకపోవడం ఇందువల్లనే. ప్రతి ఇంటికీ తనదైన వాసన ఒకటి ఉంటుంది. వంట పోపు, అగరుబత్తి, సిగరెట్టు పొగ, పెంపుడు పిల్లి, చెమ్మగిల్లిన గోడ, ఇవన్నీ కలిసి ఆ వాసనగా ఏర్పడతాయి. ఆ ఇంట నివసించేవారికి అది తెలియదు. కనుక శుభ్రంగా ఉన్నదని చెప్పి అమ్మిన బట్ట మనకు కంపు కొట్టినంత మాత్రాన అమ్మినవారు అబద్ధమాడారని నిర్ధారించడం న్యాయం కాదు.

కప్పిపుచ్చడం పరిహారం కాదు

దుర్వాసన తగలగానే సాధారణంగా తోచే ఉపాయం సువాసన చల్లడం. తెలుగు ఇళ్ళలో బిడ్డ స్నానానంతరం సాంబ్రాణి ధూపం వేసే అలవాటు ఉన్నది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దీనినే లోబాన్ అంటారు. పేర్లు రెండైనా వస్తువు ఒక్కటే, ఒక జాతి చెట్టునుండి స్రవించే జిగురు. దాని పరిమళం మనకు ప్రీతికరమే. చార్మినారు పరిసరాల అత్తరు దుకాణాల ప్రశస్తి కూడా అందరికీ తెలిసినదే. అయినా సాంబ్రాణి గాని, అత్తరు గాని, నేడు సీసాలలో అమ్మే మెత్తదనపు ద్రావకాలు గాని బట్టలోని మురికిని తొలగించవు. వాటి పరిమళం పాత వాసనతో కలిసి మూడవ వాసన ఒకటి పుట్టడమే తరచుగా జరుగుతుంది. పైగా పొగ ఎంత సుగంధభరితమైనా పొగే. పసిబిడ్డ ఊపిరితిత్తులకు అది మంచిది కాదు.

శిశువు విషయంలో మరొక ముఖ్య కారణం కూడా ఉన్నది. పసిబిడ్డ చూపు మొదట మసకగా ఉంటుంది. తల్లిని గుర్తించడంలో వాసనకు పెద్ద పాత్ర ఉన్నది. 1975లో ఇంగ్లండులో మాక్‌ఫార్లేన్ అనే వైద్యుడు ప్రకటించిన ప్రయోగాలలో, ఆరు రోజుల శిశువులు తల్లి స్తన్యంతో తడిసిన గుడ్డవైపు, మరొక స్త్రీ స్తన్యంతో తడిసిన గుడ్డవైపు కంటే ఎక్కువసేపు ముఖం తిప్పి ఉంచినట్లు తేలింది. అటువంటి సున్నితమైన ఇంద్రియం ముందు ఘాటైన పరిమళాన్ని గుమ్మరించడం ఉచితం కాదు. బిడ్డ బట్టకు ఉండవలసిన వాసన ఏదంటే, ఏ వాసనా లేకపోవడమే.

ఇస్లాం ధర్మంలోని తహారత్ భావన ఇక్కడ స్మరణీయం. వస్త్రానికి అంటిన అశుద్ధం తొలగిందా లేదా అని విచారించే సందర్భంలో ధర్మవేత్తలు అది మిగిల్చిన రంగును, వాసనను కూడా లెక్కలోకి తీసుకుంటారు. మూలాన్ని తొలగించడమే శుద్ధి అనే ఈ దృష్టి నేటి విజ్ఞానశాస్త్ర దృష్టికి దగ్గరగా ఉండడం గమనార్హం.

వాసనల జాతులు, వాటి చికిత్సలు

వైద్యుడు రోగిని పరీక్షించిన తరువాతనే మందు వ్రాస్తాడు. బట్ట విషయంలోనూ మొదట వాసన జాతిని గుర్తించాలి.

మొదటిది పులిసిన పాల వాసన. మెడపట్టీ వద్ద, రొమ్ముభాగంలో ఇది ఎక్కువగా ఉంటుంది. బిడ్డ కక్కిన పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఉంటాయి. ఉతికినప్పుడు కొంత కొవ్వు నూలు పోగుల మధ్య మిగిలిపోయి, కాలక్రమేణా విచ్ఛిన్నమై బ్యుటిరిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. మురిగిన వెన్నలో వచ్చే కంపు ఇదే. ఇది ఆమ్లజాతికి చెందినది కాబట్టి దీనికి విరుగుడు క్షారం. వంటసోడా గాని, బట్టల సోడా గాని కలిపిన నీటిలో నానబెడితే ఆ ఆమ్లం లవణంగా మారుతుంది. లవణం గాలిలోకి ఆవిరి కాదు, నీటిలో కరిగిపోతుంది. మన రజకులు చౌడుమట్టితో బట్టలను తడిపి, బానలో ఆవిరిపట్టి ఉతకడంలోని రహస్యం కూడా ఈ క్షారగుణమే.

పాల మరకలకు మరొక సాధనం ఎంజైములున్న సబ్బుపొడి. బట్టలు ఉతకడానికి ఎంజైములను ఉపయోగించవచ్చునని 1913లో జర్మనీకి చెందిన ఆటో రోమ్ ప్రతిపాదించి పేటెంటు పొందాడు. మాంసకృత్తులను విడగొట్టే ప్రోటియేజులు 1960ల నాటికి సబ్బుపొడులలో విరివిగా చేరాయి. కొవ్వును విడగొట్టే లైపేజు 1988లో వాణిజ్యరూపంలో వచ్చింది. ఇవి గోరువెచ్చని నీటిలో, తగినంత వ్యవధి ఇచ్చినప్పుడు చక్కగా పనిచేస్తాయి. మరిగే నీటిలో పడితే చాలావరకు నశిస్తాయి. ఉన్ని, పట్టు కూడా మాంసకృత్తులే కాబట్టి ఆ వస్త్రాలకు ఇటువంటి పొడిని వాడకూడదు.

రెండవది మూత్రపు వాసన. తాజా మూత్రానికి అంతటి ఘాటు ఉండదు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా పుట్టి, కళ్ళు మండేంతటి వాసన వస్తుంది. ఇది క్షారజాతి. కాబట్టి దీనికి విరుగుడు బలహీనమైన ఆమ్లం. సబ్బుతో ఉతికిన తరువాత చివరి జాడింపు నీటిలో కొంచెం తెల్ల సిర్కా కలిపితే, బట్టలో మిగిలిన అమ్మోనియా వాసనలేని లవణంగా మారి నీటితో కొట్టుకుపోతుంది. సిర్కా లేనప్పుడు తెల్లబట్టలకు వడకట్టిన నిమ్మరసం వాడవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించవలసి ఉన్నది. సోడా, సిర్కా రెండూ మంచివే గదా అని రెంటినీ ఒకే బకెట్టులో పోసేవారు కొందరున్నారు. బుసబుసమని నురగ పొంగడం చూసి గొప్ప శక్తి పుట్టిందని అనుకుంటారు. నిజానికి ఆమ్లము, క్షారము ఒకదానినొకటి రద్దుచేసుకొని, రెండు గుణాలూ పోయిన నీళ్ళే మిగులుతాయి. ఒకటి ముందు, మరొకటి తరువాత వాడినప్పుడే ఫలితం.

మూడవది ముక్కిన వాసన. వానకాలంలో సరిగా ఆరని బట్టలకు, చెమ్మగిల్లిన అలమారలో దాచిన బట్టలకు ఇది వస్తుంది. దీనికి బూజుతోపాటు సూక్ష్మజీవులు కూడా కారణమే. జపాను పరిశోధకులు 2012లో ప్రకటించిన వ్యాసంలో, ఇళ్ళలో ఉతికి ఆరవేసిన బట్టలనుండి వచ్చే ఇటువంటి వాసనకు మొరాక్సెల్లా ఓస్లొయెన్సిస్ అనే సూక్ష్మజీవి ముఖ్య కారణమని చూపారు. ఈ జీవి ఎండుదనాన్ని, కొంతవరకు అతినీలలోహిత కిరణాలను కూడా తట్టుకోగలదని వారు గమనించారు. ఉతికిన బట్ట ఆరిన తరువాత వాసన లేకుండా ఉండి, మరల తడవగానే కంపు కొట్టడానికి కారణం ఇదే; జీవి చావలేదు, నిద్రించింది. దీనికి వేడినీరే మందు. నూలుబట్టలను 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నీటిలో సబ్బుపొడితో ఉతికి, అదే రోజున పూర్తిగా ఆరనివ్వాలి. బూజు నల్లని చుక్కలుగా నూలులోకి దిగినట్లు కనిపిస్తే ఆ బట్టను బిడ్డకు వాడకపోవడమే మంచిది.

బట్ట జాతికి కూడా ఇందులో పాత్ర ఉన్నది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది వ్యాయామం చేసిన తరువాత వారి బనియన్లను పరీక్షించి, నూలుబట్టకంటే పాలియెస్టరు బట్టకు ఎక్కువ దుర్వాసన పట్టిందని 2014లో ప్రకటించారు. నూలు పోగు తేమను లోపలికి పీల్చుకుంటుంది. పాలియెస్టరు పోగు నీటిని దగ్గరకు రానీయదు గాని జిడ్డును పట్టుకుంటుంది. కాబట్టి పాత ఉడుపులు కొనేటప్పుడు నూలుకే ప్రాధాన్యం ఇవ్వడం ఉచితం.

నాలుగవది పొగాకు వాసన. పొగతాగే ఇంటిలోని బట్టలకు, పరదాలకు, పరుపులకు నికొటిన్ అంటుకొని ఉంటుంది. పొగ ఆరిపోయిన తరువాత కూడా మిగిలే ఈ మురికిని శాస్త్రజ్ఞులు 'మూడవ చేతి పొగ' అని వ్యవహరిస్తున్నారు. వస్తువుల ఉపరితలంపై మిగిలిన నికొటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సరు కారకాలైన నైట్రోసమీనులను పుట్టించగలదని 2010లో అమెరికాలోని బర్కిలీ పరిశోధకులు చూపారు. బట్టను నోటిలో పెట్టుకొని చప్పరించే వయస్సు బిడ్డది గనుక ఈ వాసనను తేలికగా తీసుకోరాదు. ఇటువంటి బట్టలను ముందు రెండు మూడు రోజులు ఆరుబయట గాలికి వ్రేలాడదీసి, తరువాత రెండు మూడు దఫాలు ఉతకాలి. నికొటిన్ క్షారగుణం కలది, నీటిలో కరిగేది. కనుక చివరి నీటిలో సిర్కా వాడడం ఇక్కడ కూడా ఉపకరిస్తుంది.

ఐదవది సబ్బుల, సుగంధ ద్రావకాల ఘాటు. ఇది దుర్వాసన కాకపోయినా కొందరు శిశువుల చర్మానికి పడదు. బట్టను మెత్తబరిచే ద్రావకం పోగులపై జిడ్డువంటి పొరగా పేరుకుంటుంది. ఆ పొర తేమ పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది, పాత వాసనలను లోపల బంధిస్తుంది. బోరుబావుల కఠిన జలం వాడే మన ప్రాంతాలలో మరొక చిక్కు ఉన్నది. అటువంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారి బట్టలో చిక్కుకుంటాయి. సోడా కలిపిన వేడినీటిలో నానబెట్టి, తరువాత సబ్బు వేయకుండా రెండుమూడుసార్లు జాడిస్తే ఈ పొరలు చాలావరకు వదలిపోతాయి.

కలరా ఉండల వాసన: అసలైన ప్రమాదం

పైన చెప్పిన వాసనలలో చాలా భాగం చికాకు కలిగించేవే గాని ప్రాణాంతకమైనవి కావు. ఇప్పుడు చెప్పబోయేది అటువంటిది కాదు. విచిత్రమేమంటే, మన ఇళ్ళలో ఈ వాసనను ఎవరూ దుర్వాసనగా భావించరు. పెట్టెలో భద్రంగా దాచిన బట్టలకు ఉండవలసిన వాసనగానే దానిని ఎంచుతారు. అదే కలరా ఉండల వాసన. ఉర్దూ మాట్లాడేవారు ఫినాయిల్ గోళీలు అంటారు. వీటిలో చాలాకాలంగా వాడుతున్న పదార్థం నాఫ్తలీన్.

నాఫ్తలీన్ ఘనరూపం నుండి నేరుగా ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి బట్టల మడతలలో చేరి పురుగులను దూరం చేస్తుంది. అయితే అది శిశువు శ్వాసద్వారా గాని, చర్మంద్వారా గాని శరీరంలో ప్రవేశిస్తే, అక్కడ మార్పుచెంది ఎర్ర రక్తకణాలపై దాడిచేసే పదార్థాలను పుట్టిస్తుంది. ఆ దాడినుండి రక్తకణాలను కాపాడేది జి-6-పి-డి అనే ఎంజైము. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ లోపాన్ని 1956లో గుర్తించారు. ప్రపంచంలో సుమారు 40 కోట్లమందికి ఇది ఉన్నదని అంచనా. మలేరియా చిరకాలంగా పాతుకున్న ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతం, పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలలో ఇది ఎక్కువ. తల్లినుండి సంక్రమించే ఎక్స్ క్రోమోసోమునకు సంబంధించినది కావడంచేత మగబిడ్డలలో ఎక్కువగా బయటపడుతుంది. ఈ లోపమున్న బిడ్డ చూడడానికి సంపూర్ణ ఆరోగ్యంతో ఉంటుంది. కాబట్టి పరీక్ష చేయించనిదే తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు.

అటువంటి బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఎర్రకణాలు చితికిపోతాయి. రక్తహీనత కలుగుతుంది. చితికిన కణాలనుండి పుట్టే బిలిరుబిన్ అనే పచ్చని పదార్థాన్ని నవజాత శిశువు కాలేయం త్వరగా తొలగించలేదు. అది మితిమీరితే మెదడుకు చేరి, శాశ్వతమైన హాని గాని మరణం గాని కలిగించవచ్చు. 1963లో గ్రీసు దేశపు వైద్యులు ప్రకటించిన ఒక వ్యాసంలో, ఇంటిలో నాఫ్తలీన్‌తో దాచిన బట్టలు, దుప్పట్ల కారణంగా 21 మంది నవజాత శిశువులకు ఈ విధంగా రక్తం చితికిన వృత్తాంతం ఉన్నది. వారిలో ఇద్దరు మరణించారు. ఆ 21 మందిలో అందరికీ జి-6-పి-డి లోపం లేదు. అధిక సంఖ్యాకులకు ఆ బట్టలు నేరుగా ఒంటికి తగలనైనా లేదు. గదిలోని ఆవిరే చాలింది. ఈ రెండు అంశాలనూ పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మన అలవాటు ఒకటి ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. నాఫ్తలీన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె మర్దన చేసిన శిశువు చర్మంపై నాఫ్తలీన్ పట్టిన బట్ట తొడిగితే అది మరింత సులభంగా లోపలికి ప్రవేశిస్తుంది. మన దేశంలో నూనె మర్దన చేయని ఇల్లు అరుదు. నీటిలో కరగని గుణంవల్లనే ఒక్కసారి ఉతికినంత మాత్రాన ఈ వాసన పోదు. ఐరోపా సమాఖ్య 2008లో తీసుకున్న నిర్ణయం ద్వారా ఇటువంటి ఉండలలో నాఫ్తలీన్ వాడకాన్ని నిలిపివేసింది. మన అంగళ్ళలో మాత్రం అవి నేటికీ సులభంగా దొరుకుతాయి.

రసాయనశాస్త్ర విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష చెప్పవచ్చు. అంగడిలో దొరికే తెల్లని ఉండ కర్పూరం కావచ్చు, నాఫ్తలీన్ కావచ్చు, పారాడైక్లోరోబెంజీన్ కావచ్చు. కర్పూరం మంచినీటిలో తేలుతుంది. నాఫ్తలీన్ మంచినీటిలో మునిగి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటిలో తేలుతుంది. పారాడైక్లోరోబెంజీన్ రెంటిలోనూ మునుగుతుంది. సాంద్రతల భేదమే దీనికి కారణం: కర్పూరం 0.99, నాఫ్తలీన్ 1.14, ఉప్పునీరు 1.2, పారాడైక్లోరోబెంజీన్ 1.46. ఉండను చేతితో తాకకుండా పటకారుతో పట్టుకొని, గాలి ఆడేచోట ఈ పరీక్ష చేయాలి. ఇది తెలుసుకోవడానికే గాని, తక్కినవి బిడ్డకు సురక్షితమని చెప్పడానికి కాదు. కర్పూరం కూడా బిడ్డ మింగితే ఫిట్స్ తెప్పించే విషమే.

కనుక కొన్న బట్టకు కలరా ఉండల వాసన ఉన్నట్లయితే దానిని బిడ్డ ఉన్న గదిలోకి తీసుకురాకూడదు. ఆరుబయట ఎండలో, గాలిలో అనేక దినాలు వ్రేలాడదీసి, వేడినీటితో పలుమార్లు ఉతికి, మరల ఎండనివ్వాలి. అప్పటికీ లేశమాత్రం వాసన మిగిలినా ఆ బట్టను త్యజించాలి. నెలలు నిండని బిడ్డ, మొదటి నెలల పసికందు, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా జి-6-పి-డి లోపం ఉన్న బిడ్డ విషయంలోనైతే ఇన్ని ప్రయత్నాలు కూడా అనవసరం. అటువంటి బట్ట తొడగకపోవడమే క్షేమం. బిడ్డ కళ్ళు, ఒళ్ళు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు త్రాగక మగతగా ఉన్నా, ఆలస్యం చేయకుండా వైద్యశాలకు తీసుకువెళ్ళి, బట్టల సంగతి కూడా వైద్యునికి చెప్పాలి.

ఉతికే క్రమం

మిగిలిన వాసనలు కలిగిన నూలు ఉడుపులకు ఈ క్రమం అనుసరణీయం. మొదట బట్టలన్నీ విప్పి, వాసన జాతినిబట్టి వేరుచేసి, ఒక పగలంతా గాలికి ఉంచాలి. తరువాత చల్లనినీటిలో జాడించాలి. పాలు, మలమూత్రాలు అంటిన బట్టను మొదటనే మరిగే నీటిలో వేస్తే మాంసకృత్తులు గడ్డకట్టి పోగులకు అంటుకుపోతాయి. ఆ పిమ్మట 10 లీటర్ల బకెట్టు నీటికి నాలుగు పెద్ద చెంచాల వంటసోడా కలిపి ఒక రాత్రి నానబెట్టాలి. మరునాడు పరిమళం లేని సబ్బుపొడితో, బట్ట తట్టుకోగలిగినంత వేడిగల నీటిలో ఉతకాలి. రెండుసార్లు మంచినీటిలో జాడించి, అమ్మోనియా గాని పొగాకు గాని ఉన్న బట్టలకు మూడవ నీటిలో ఒక టీకప్పు సిర్కా కలిపి, చివరగా మరల మంచినీటితో ముగించాలి.

ఆరవేయడం కూడా ఉతకడంలో భాగమే. ఎండకు ఆరిన బట్టకు ప్రత్యేకమైన తాజా వాసన ఉండడం మనందరికీ తెలుసు. కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో తడి తువాళ్ళను ఎండలో ఆరవేసి పరీక్షించి, ఎండ ప్రభావంవల్ల బట్ట ఉపరితలంపై ఆల్డిహైడులు, కీటోనులు ఏర్పడి ఆ వాసనకు కారణమవుతున్నాయని తెలిపారు. చాకిరేవులో ఆరవేసిన బట్టల గొప్పతనం అదే. ముసురు పట్టిన రోజులలో పంకా క్రింద పలుచగా పరచి ఆరనివ్వాలి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరిస్తున్నాము. బ్లీచింగు ద్రవాన్ని సిర్కాతో ఎన్నడూ కలపరాదు. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూత్రంతో నిండిన బట్టపై నేరుగా బ్లీచింగు ద్రవం పోయడం కూడా తగదు. అమ్మోనియాతో కలిసి క్లోరమీన్ అనే మరొక విషవాయువు వెలువడుతుంది. స్నానాల గదివంటి ఇరుకు చోట ఇది ప్రాణం మీదికి రావచ్చు.

ఉతికిన తరువాత ఫలితాన్ని నిర్ణయించడానికి సులభమైన మార్గం ఉన్నది. బట్టను కొద్దిగా తడిపి, మూత గట్టిగా పట్టే శుభ్రమైన స్టీలు డబ్బాలో ఒక రాత్రి ఉంచి, ఉదయం ఉతకనివారి చేత వాసన చూపించాలి. ఉతికినవారి ముక్కు అప్పటికే అలవాటుపడి ఉంటుంది. తేమ, వెచ్చదనం వాసనను పైకి తెస్తాయి గనుక, దాగిన కంపు ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఐతే వాసన లేకపోవడం ఒక్కటే పరిశుభ్రతకు ప్రమాణం కాదు. ఏ వాసనా లేకుండా వచ్చిన పాత బట్టనైనా ఒకసారి ఉతకనిదే బిడ్డకు తొడగరాదు.

అడగవలసినవి, చెప్పవలసినవి

కొనడానికి ముందే నాలుగు ప్రశ్నలు అడిగితే ఈ శ్రమలో సగం తప్పుతుంది. ఇంటిలో పొగ త్రాగేవారున్నారా? బట్టలను కలరా ఉండలతో దాచారా? ఎంతకాలంగా పెట్టెలో ఉన్నవి? ఏ సబ్బు, ఏ సుగంధ ద్రావకం వాడారు? మర్యాదగా అడిగితే నొచ్చుకునేవారు తక్కువ. అదేవిధంగా మన బిడ్డ ఉడుపులను మరొకరికి ఇచ్చేటప్పుడు అడగకముందే ఈ వివరాలు చెప్పడం మన ధర్మం. దాచదలచిన బట్టలను ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, పాత నూలుగుడ్డలో చుట్టి మూతగల పెట్టెలో ఉంచితే చాలు. పసిబిడ్డ ఉడుపులలో సాధారణంగా ఉన్ని, పట్టు ఉండవు. వాటినే తినే పురుగులకు వెరచి నూలుబట్టల మధ్య ఉండలు వేయవలసిన అగత్యమే లేదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. మన విద్యార్థులు విడిచిపెట్టే పాత పుస్తకాలను సేకరించి జూనియర్లకు ఇచ్చినట్లే, మన కుటుంబాలలో మిగిలిన శిశువస్త్రాలను సేకరించి, రసాయనశాస్త్ర విభాగం పర్యవేక్షణలో వాసనలవారీగా విభజించి, ఉతికించి, ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలోని తల్లులకు అందజేసే కార్యక్రమాన్ని జాతీయ సేవా పథకం ద్వారా చేపట్టవచ్చు. ఆమ్లము, క్షారము అనే పాఠం ప్రయోగశాలలోని పరీక్షనాళికలో ముగిసిపోకుండా ఒక పసిబిడ్డ చొక్కా వరకు సాగుతుంది.

పాత బట్ట తొడుక్కోవడంలో అవమానం లేదు. కడిగి, పరీక్షించి, నిర్భయంగా బిడ్డకు తొడగగలిగిన పాత బట్ట, తెలియక తొడిగిన కొత్త బట్టకంటే ఎంతో ఉత్తమమైనది. పొట్లం విప్పినప్పుడు ముక్కు మూసుకొనక, ఆ వాసన ఏమి చెబుతున్నదో ఒక నిమిషం ఆలకించండి. పెట్టెలో తెల్లని ఉండలు ఉన్న ఇల్లు మీదైతే, ఈ సంచికను ప్రక్కన పెట్టిన వెంటనే వాటిని బిడ్డ బట్టలనుండి తీసివేయించండి.